చన్నీళ్ళు ఊదుకుని తాగే మనిషి

తీరం దేశపు కెప్టెన్‌కి కుడిభుజంలాంటి మనిషిని అతని సొంత అన్నే కాల్చి చంపాడు. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర తమ్ముడికి వడ్డిస్తూ వడ్డిస్తూ, గరిట కింద పెట్టి పిస్తోలు తీశాడు. విచిత్రమేమిటంటే ఆ అన్న అప్పటికి వారం కిందటే చనిపోయాడు. శవం తర్వాత కాలవలో దొరికింది. దానికి ముఖం లేదు.

"అచ్చు," అన్నారు అందరూ. గట్టిగా మాత్రం ఎవరూ అనలేదు.

సామ్రాజ్యపు రాజధానిలో ఒక వర్క్‌షాప్ ఉంది. మనిషిని పట్టుకెళ్ళి అక్కడ ముఖానికి అచ్చు తీస్తారు. అది మైనమో మట్టో చెప్పడానికి చూసినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. దాన్ని ఇంకొకరు తొడుక్కుంటే ఇక ఆ మనిషే. అదే చూపు, అదే గొంతు, చిన్నప్పటి జ్ఞాపకాలతో సహా. అచ్చు తీయించుకున్న మనిషి మాత్రం బతకడు. అందుకే సామ్రాజ్యంలో మొట్టమొదటి చట్టం, ప్రజల ముఖాలు ప్రభుత్వ ఆస్తి అని. గడ్డం పెంచాలంటే పర్మిషన్ కావాలి. మొహం మీద గాటు పడితే జరిమానా. ఏటా ఆఫీసుకెళ్ళి, స్టాండు మీద గడ్డం ఆనించి, ముక్కూ చెవుల కొలతలు ఇచ్చి రావాలి. చక్రవర్తి ముఖమైతే మూడు తరాలుగా మారలేదు. గోడల మీదా అదే, బాల్కనీలోనూ అదే. లోపల ఉన్నదెవరో ఆయనకైనా గుర్తుందా అని జనం జోకు వేసుకునేవారు. వేసినవాళ్ళు మర్నాడు టీకొట్టు దగ్గర కనపడేవారు కాదు.

"కాబట్టి ఈసారి పొరపాటు జరక్కూడదు," అన్నాడు మామ.

మామ ఎవరికీ మామ కాదు. కొండ దేశపు సీక్రెట్ సర్వీస్ చీఫ్. దేశం పోయింది, సర్వీసు మిగిలింది. ఆఫీసు ఒక లాండ్రీ వెనక గది. ఇస్త్రీ ఆవిరిలో ఎదుటి మనిషి సరిగా కనపడడు. మామకి అదే నచ్చి ఆ గది తీసుకున్నాడు.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ఏజెంట్ కళ్ళజోడు తీసి ఆవిరి తుడుచుకున్నాడు. అతనికి కళ్ళజోళ్ళ షాపు ఉంది. వీధిలో అందరూ అద్దాలాయన అంటారు.

"మిషన్ ఏంటి?"

"రేపు పొద్దున పాత ఐస్ ఫ్యాక్టరీలో మీటింగ్. మన జనరల్ వస్తాడు. తీరం వాళ్ళ కెప్టెన్ వస్తాడు."

"ఒకే గదిలోనా?"

"ఒకే బల్ల దగ్గర."

అద్దాలాయన నవ్వాడు. నవ్వడానికి కారణం ఉంది. కొండకీ తీరానికీ రెండు తరాలుగా ఉప్పూ నిప్పూ. ఒక కనుమ కోసం, ఒక రేవు కోసం కొట్టుకుని కొట్టుకుని ఇద్దరూ నీరసపడ్డాక, సామ్రాజ్యం తాపీగా వచ్చి కనుమనీ రేవునీ రెంటినీ జేబులో వేసుకుంది. అప్పుడు కూడా కొండవాళ్ళు తీరంవాళ్ళనే తిట్టారు. తీరంవాళ్ళు ఊరుకున్నారా అంటే అదీ లేదు.

"ఇద్దరూ చేతులు కలిపితే," మామ అన్నాడు, "మనం కనుమ మూసేస్తాం. వాళ్ళు రేవు మూసేస్తారు. గవర్నర్ సైన్యంతో సహా మధ్యలో ఇరుక్కుంటాడు. ఇంకో ఛాన్స్ మన జన్మలో రాదు."

"వాళ్ళని ఒప్పించింది ఎవరు?"

"ఏమీ తెలీనట్టు అడుగుతావేం? మీ ఎదురింటావిడే."

ఎదురింటావిడ గవర్నర్ క్లబ్బులో సింగర్. ఆమె మెట్లు దిగి వస్తుంటే ఆఫీసర్లు సిగరెట్లు ఆర్పేసి నిలబడేవారు. సామ్రాజ్యం దృష్టిలో ఆమె వాళ్ళ ఇన్‌ఫార్మర్. నిజానికి తీరం సర్వీసులో ఆమే నంబర్ వన్. డబుల్ ఏజెంట్.

"రాజధానిలో ప్రోగ్రామ్ ముగించుకుని ఇవాళే వచ్చింది," మామ కొనసాగించాడు. "నువ్వు కార్లో తీసుకెళ్ళాలి. కోడ్ మామూలే. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆమె తమ్ముడు చెక్ చేస్తాడు. తీరం సెక్యూరిటీ అంతా వాడిదే."

"నన్ను లోపలికి రానిస్తాడా?"

"వాళ్ళ నాన్న పోయింది మన ఫిరంగి దెబ్బకే. ఎదురొచ్చి దండ వేస్తాడని ఆశపడకు." మామ గొంతు తగ్గించాడు. "రెండు విషయాలు. పోయినేడు రాజధానిలో ఒక కౌన్సిల్ మొత్తం కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే పోయారు. ఏదో పొడి. డబ్బా మూత తీస్తే చాలు, ఒక్క ఊపిరి. అచ్చు తొడుక్కున్నవాళ్ళకి మాత్రం అది ఎక్కదు. అదొకటి."

"రెండోది?"

"ఆమె మీద ఈగ వాలినా కొండవాళ్ళ పనే అంటారు. అలయన్స్ అక్కడితో సరి. ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్."

అద్దాలాయన తలూపి బయటికొచ్చాడు. ఆమె క్షేమంగా తిరిగి వచ్చిందన్న మాటొక్కటే అతనికి చెవిలో మిగిలింది.

*

అతన్ని ఆ వీధిలో దింపింది యుద్ధం రోజుల్లో. డ్యూటీ ఒకటే. ఎదుటి మేడ రెండో అంతస్తులో ఉండే తీరం గూఢచారిణి మీద నిఘా. షాపు పైన గది. కిటికీకి తెర, తెరకి చిల్లు, చిల్లు వెనక అతను స్వయంగా అరగదీసిన లెన్సు. కింద కళ్ళజోళ్ళు అమ్మడం, పైన ఆమెను చూడడం. ఈ రెండు పనుల మధ్య పెళ్ళి చేసుకోవడం మర్చిపోయాడు.

అతను పంపిన రిపోర్టులకి మామ ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవాడు. "పనికొచ్చేది ఒక్కటీ లేదు." నిజమే. పనికొచ్చేదేదీ ఆమె కిటికీ దగ్గర చేసేది కాదు. పనికిరానివే కనపడేవి. బయటి నుంచి వచ్చి కుర్చీలో కూలబడి ఒక చెప్పు విప్పేది. రెండోది విప్పడం మర్చిపోయి, ఒక కాలికి చెప్పుతో అలాగే ఉండిపోయేది. ఇంకొకటి, మంచినీళ్ళు ఊదుకుని తాగేది. కూజాలో చన్నీళ్ళే. గ్లాసు పెదాల దాకా తెచ్చి, మెల్లగా రెండుసార్లు ఊది, అప్పుడు తాగేది. పదిమందిలో ఎప్పుడూ అలా చేయదు. ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడే.

మొదట్లో అది ఎవరికో సిగ్నల్ అనుకుని నానా తంటాలు పడ్డాడు. కాదని తేలింది. తను ఆ పని చేస్తున్నట్టు ఆమెకే తెలియదు. ఆ సంగతి అర్థమైన రోజున ఎందుకో మామకి రిపోర్టు పంపలేదు. డిపార్ట్‌మెంట్‌కి అక్కర్లేనిది కనక తన దగ్గరే ఉంచుకున్నాడు.

యుద్ధం అయిపోయింది. నిఘా ఆపమని ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు.

ఒక రోజు ఆమే షాపులోకి వచ్చింది. కుర్చీలో కూర్చుని, గోడ మీది అక్షరాల బోర్డు పైనుంచి కిందికి చదివింది.

"ఆఖరి వరుస మసగ్గా ఉంది," అంది.

"వెలుతురు చాలదు. ఈ వైపు తిరగండి."

"ఇన్నేళ్ళు దూరం నుంచి చూశారు. ఇప్పుడు దగ్గర్నుంచి చూసి చెప్పండి, నా కళ్ళు ఎలా ఉన్నాయి?"

అద్దాలాయన చేతిలో ఫ్రేము కిందపడింది.

"మీ తెరకి చిల్లుందని నాకు మొదటి వారమే తెలుసు," ఆమె వంగి ఫ్రేము తీసిచ్చింది. "తెర మార్చండి. రంగు వెలిసిపోయి చూడలేకపోతున్నాను."

కొండకీ తీరానికీ మధ్య సంధి నిజానికి ఆ కుర్చీలోనే మొదలైంది. మనమిద్దరం మాట్లాడుకోగలిగితే వాళ్ళూ మాట్లాడుకోగలరు అనేది ఆమె. ఆ మొదటి రోజు మాటలే తర్వాత కోడ్ అయ్యాయి. వారం వారం వచ్చి కళ్ళు చూపించుకునేది. అంత ఆరోగ్యంగా ఉన్న కళ్ళను అన్నిసార్లు పరీక్షించిన డాక్టరు ఎక్కడా ఉండడు. రాజధానికి బయల్దేరే ముందు రోజు కూడా వచ్చింది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పాలి. చూస్తున్నారని తెలిసి, చాలా జాగ్రత్తగా బతికాను. అయినా ఏదో ఒకటి దొరికే ఉంటుంది. ఏం తెలిసింది నా గురించి?"

నోటి దాకా వచ్చింది. చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. మళ్ళీ గ్లాసు ఎత్తినప్పుడు ఆమెకి గుర్తొస్తుంది, నవ్వొస్తుంది, ఊదడం ఆగిపోతుంది. తనకున్నదల్లా అదొక్కటే.

"ఏమీ లేదు," అన్నాడు.

"అబద్ధం."

"అంతా అయ్యాక ఒక రోజు చెప్తాను."

"మాటంటే మాటే మరి," అని ఆమె వెళ్ళిపోయింది.

*

మీటింగ్ రోజు పొద్దున అద్దాలాయన అలవాటుగా తెర దగ్గర నిలబడ్డాడు. ఎండ నేరుగా ఆమె వంటింట్లో పడుతోంది. ఆమె బయటి నుంచి వచ్చింది. కుర్చీలో కూర్చుని రెండు చెప్పులూ విప్పింది. జతగా గోడ పక్కన పెట్టింది. కూజా వంచి గ్లాసు నింపుకుంది. ఎత్తి గటగటా తాగేసింది.

అద్దాలాయన లెన్సు తుడిచి మళ్ళీ చూశాడు. ఆమె ఇంకో గ్లాసు తాగింది. ఊదలేదు.

ప్రయాణం చేసి వచ్చిన మనిషి, దాహం వేసి ఉంటుంది అనుకున్నాడు. అలవాట్లు మారకూడదని ఎక్కడుంది అనుకున్నాడు. రాజధానిలో కొత్తగా నేర్చుకుని ఉంటుంది, ఒంట్లో బాగాలేదేమో, మనసు మీటింగ్ మీద ఉందేమో అనుకున్నాడు. జన్మలో ఎవరి తరఫునా అన్ని వాదనలు చేయలేదు.

ఆమె షాపులోకి వచ్చి బోర్డు చూసింది. "ఆఖరి వరుస మసగ్గా ఉంది."

"వెలుతురు చాలదు. ఈ వైపు తిరగండి."

తిరిగింది. అవే కళ్ళు. ఎడమ కంట్లో నల్లగుడ్డు పక్కన ఉండే చిన్న గోధుమరంగు చుక్కతో సహా. అతనికి ప్రాణం లేచొచ్చింది. కార్లో ఆమె ముందు సీట్లో కూర్చుని, తెర ఇంకా మార్చలేదేం అని వేళాకోళం చేసింది. అతని గుండె ఆమె వైపే వాదించడం మొదలుపెట్టింది.

ఊరు దాటాక ఆమె అతని వైపు తిరిగింది. "ఒక రోజు చెప్తానన్నారు. నా గురించి మీకేం తెలిసిందో. ఇవాళ చెప్పండి."

ఆమె నవ్వు అదే. అడిగిన తీరే వేరు. ఆమె అయితే అడిగి కిటికీ బయటికి చూస్తుంది. ఈమె జవాబు కోసం కనురెప్ప వేయకుండా చూస్తోంది. అచ్చులోకి ఏం రాలేదో కనుక్కుంటోంది.

మనిషికి తెలిసినవన్నీ అచ్చులోకి వస్తాయి. తనకి తెలియకుండా చేసేవి రావు. అద్దాలాయనకి ఆ సంగతి స్టీరింగ్ మీద చేతులున్నప్పుడే తెలిసింది. దానితో పాటు ఇంకో సంగతి కూడా తెలిసింది, ఆమె ఇక లేదని. కారు ఆపి ఏడవాలనిపించింది. ఏడిస్తే పక్కనున్నదానికి తెలిసిపోతుంది. ఇక్కడే ఏదైనా చేస్తే కొండవాళ్ళ పనే అంటారు, తేల్చాల్సింది ఆమె తమ్ముడే. హారన్ లేని కారు నడిపేవాడిలా రోడ్డు మీదే చూపు పెట్టాడు.

"మీటింగ్ అయ్యాక," అన్నాడు.

*

ఐస్ ఫ్యాక్టరీలో మంచు తయారై ఏళ్ళయినా చలి మాత్రం గోడల్లోంచి పోలేదు. గేటు దగ్గర తమ్ముడు నిలబడి ఉన్నాడు. బక్కపలచని మనిషి, నడుముకి పిస్తోలు. అక్కను చూడగానే మొహం వికసించింది, కానీ రూల్ రూలే, అచ్చుకి జ్ఞాపకాలూ వస్తాయని తెలిసినా.

"నాకు నీళ్ళలో ఏం పోయింది?"

"కుడి చెవి పోగు. నాన్నకి తెలీకుండా రెండోది కూడా నేనే దాచేశాను."

"అమ్మ పోయిన రోజు నేను ఎక్కడున్నాను?"

"నా ఒళ్ళో. నీకు పళ్ళు కూడా రాలేదు. ఇవన్నీ నేను చెప్తే నీకు తెలిసినవే కదరా."

తమ్ముడి కళ్ళు తడయ్యాయి. సంచీ వెతికారు. రుమాలు, దువ్వెన, ఆమె ఎప్పుడూ వాడే వెండి పౌడర్ డబ్బా. తలుపు తెరిచారు. ఆమె లోపలికి వెళ్ళింది.

అద్దాలాయన తమ్ముణ్ణి మెట్ల కిందికి లాగాడు. "ఆవిడ మీ అక్క కాదు."

"చెయ్యి తియ్."

"ఆ పౌడర్ డబ్బా తెరవనివ్వకు. మీ అక్క..." తలుపు వైపు చూశాడు. "మీ అక్క రాజధాని నుంచి తిరిగి రాలేదు బాబూ."

తమ్ముడు పిస్తోలు తీసి అతని గొంతుకి ఆనించాడు. "మా నాన్నని చంపింది చాలక ఇప్పుడు మా అక్క మీద పడ్డారా? ఆమెకి అచ్చు ముద్ర వేసి మీటింగ్ చెడగొడదామని మీ మామ పంపాడా? నా అక్కని నాకు నువ్వు చూపిస్తావా కొండోడా?"

"నేను తప్పయితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. అప్పుడు కాల్చెయ్, హాయిగా పోతాను. ఒక్కటి విను. మీ అక్క ఒంటరిగా ఉన్నప్పుడు చన్నీళ్ళని కూడా ఊదుకుని తాగుతుంది. ఎందుకో నాకు తెలీదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఇవాళ పొద్దున రెండు గ్లాసులు తాగింది. ఊదలేదు."

తమ్ముడు ఏదో తిట్టబోయి ఆగాడు. పిస్తోలు కిందికి దిగలేదు కానీ దాని వెనకున్న మనిషి ఎటో వెళ్ళిపోయాడు. అమ్మ పోయాక ఇల్లంతా అక్కే. నాన్న ఓడ మీద. స్పూనుతో పాలు పట్టేది. పట్టే ముందు ప్రతి స్పూనూ ఊదేది. అన్నం ముద్దా ఊదేది, మంచినీళ్ళూ ఊదేది, వాడు దెబ్బ తగిలించుకుని వస్తే ఆ దెబ్బ మీదా ఊదేది. అప్పటికి అక్కకి పట్టుమని పదేళ్ళు లేవు. ఏది వేడో ఏది కాదో తెలీక అన్నీ ఊదేది. వాడు పెద్దవాడయ్యాడు, ఉద్యోగంలో చేరాడు, మర్చిపోయాడు. ఆమె పెదాలు మర్చిపోలేదన్న సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు.

"లోపలికొచ్చి గోడ వైపు తిరిగి నిలబడు," అన్నాడు తమ్ముడు చివరికి. గొంతు మారింది. "కదిలితే కాల్చేస్తారు మావాళ్ళు."

*

జనరల్, కెప్టెన్ బల్లకి చెరోవైపు కూర్చున్నారు. మధ్యలో సింగర్. జనరల్‌కి ఒక చెయ్యి లేదు, కెప్టెన్‌కి ఒక కన్ను లేదు. రెండూ ఒకే యుద్ధంలో పోయాయి. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోకుండా ఆమె వైపే చూస్తున్నారు. మూలనున్న ఇనప పొయ్యి మీద కెటిల్ మరుగుతోంది. అందరికీ టీ ఇచ్చారు. ఆ చలిలో అందరూ ఊదుకునే తాగారు. ఆమె కూడా ఊదింది. దానివల్ల ఏమీ తేలలేదు.

అద్దాలాయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వీపుకి గన్ ఆనింది. అతని కళ్ళజోడు అంచులకి లోపలివైపు సన్నటి అద్దపు పూత ఉంటుంది. వెనక జరిగేదంతా చెవి పక్కన చిన్నగా కనపడుతుంది. అతను చేసిన గాడ్జెట్లన్నిటిలో అదే గొప్పదని మామ మెచ్చుకునేవాడు. దాంట్లోంచి ఆమె కనపడుతోంది. ఇన్నాళ్ళూ చూసినట్టే, ఎదురుపడకుండా.

"ఇక చేతులు కలపండి," ఆమె అంది. అంటూనే సంచీలోంచి వెండి డబ్బా తీసింది. "ఈ రోజు కోసం నేను కాస్త ముస్తాబవ్వాలి కదా." కెప్టెన్ నవ్వాడు. జనరల్ కూడా నవ్వాడు. ఆమె బొటనవేలు మూత గొళ్ళెం మీద పడింది.

అప్పుడే తమ్ముడు పొయ్యి దగ్గరికి వెళ్ళి, కెటిల్‌ని ఒట్టి చేత్తో పట్టుకున్నాడు.

పట్టుకుని వదల్లేదు. చర్మం కాలిన వాసన వచ్చింది. అప్పుడు వదిలి, రెండంగల్లో వచ్చి ఆ అరచెయ్యి అక్క మొహం ముందు చాపాడు. చిన్నప్పుడు చాపినట్టే. "అక్కా."

"అయ్యో, చూసుకోవద్దుటరా," ఆమె అంది. గొంతులో బాధ నిజంగానే ఉంది. "ఎవరైనా తడిగుడ్డ తెండి. వెన్న ఉందా?" చాలా ప్రేమగా అంది. ఏ అక్కయినా అనే మాటే. పెదాలు మాత్రం ముందుకి రాలేదు.

తమ్ముడు ఒక్క క్షణం ఎదురుచూశాడు. ఇంకో క్షణం కూడా చూశాడు. గోడ వైపున్న అద్దాలాయన కూడా ఊపిరి బిగబట్టి ఎదురుచూశాడు. ఒక్కసారి ఊదవమ్మా, నన్ను కాల్చేస్తే కాల్చేశారు అనుకున్నాడు.

గొళ్ళెం టిక్కుమంది. తమ్ముడు కాలిన చేత్తోనే ఆమె పిడికిలిని డబ్బాతో సహా బిగించి పట్టుకున్నాడు. ఆమె విదిలించింది. బల్ల కదిలి టీ కప్పులు పడ్డాయి. క్లబ్బు సింగర్‌కి ఉండని బలం. గార్డులు ఎవర్ని కాల్చాలో తెలీక నిలబడిపోయారు. వాళ్ళ నాయకుడు వాళ్ళ నంబర్ వన్‌తో కలబడుతున్నాడు మరి.

తమ్ముడు రెండో చేత్తో పిస్తోలు లాగాడు. ఆ ముఖం కేసి ఎత్తాడు. చెయ్యి కిందికి వాలిపోయింది.

"నా వల్ల కాదు," అన్నాడు ఏడుస్తూ. పిస్తోలుని నేల మీద గోడ వైపుకి తోశాడు. "అన్నా. నువ్వే."

అద్దాలాయన వంగి తీసుకున్నాడు. తిరిగాడు. ఆమె అతన్ని చూసి, "మీరు కూడానా?" అంది. సరిగ్గా ఆమె అన్నట్టే అంది. అతను కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. జోడు లేకపోతే మూడడుగుల అవతల అతనికి అంతా మసకే. ఆ మసకని కాల్చాడు.

డబ్బా మూత లేవబోయి ఆగిపోయింది. జనరల్ ఉన్న ఒక్క చేత్తో, కెప్టెన్ రెండు చేతులతో దాన్ని అదిమి మూశారు. రెండు తరాల తర్వాత కొండా తీరమూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నది అప్పుడే. సంధి కాగితాల ముద్ర కోసం తెచ్చిన మైనం కరిగించి, మూత చుట్టూ పోసి సీలు వేసేదాకా ఎవరూ చెయ్యి తీయలేదు.

అచ్చు కాసేపటికి ఎండిన మట్టిలా పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోయింది. కింద ఎవరో అమ్మాయి. పాతికేళ్ళు ఉండవు. ఆమెకీ ఎక్కడో ఒక ఇల్లు ఉండే ఉంటుంది. ఆ ముఖానికీ ఏటా కొలతలు తీసే ఉంటారు. జనరల్ తన కోటు విప్పి ఆమె మీద కప్పాడు. కెప్టెన్ ఆ కోటు అంచు సరిచేశాడు.

తమ్ముడు నేల మీద రాలిన పెళ్ళల ముందు కూర్చుని, వాటిల్లో అక్క ఎడమ కన్ను ఏదో వెతుక్కుంటూ ఉండిపోయాడు. అద్దాలాయన పక్కన కూర్చోలేదు. కూర్చునే హక్కు ఏముంది? భర్త కాదు, బంధువు కాదు. శత్రుదేశం మనిషి. గుమ్మం దగ్గర నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నాడు, అది ఎప్పుడో శుభ్రమైపోయినా.

*

కనుమ మూసుకుంది, రేవు మూసుకుంది. గవర్నర్ మధ్యలో ఇరుక్కుని చేతులెత్తేశాడు. చక్రవర్తి ముఖం ఇంకా బాల్కనీలో ఉంది కానీ ఈ వైపు గోడల మీద నుంచి చెరిగిపోయింది. జనం గడ్డాలు పెంచుకున్నారు. బాగున్నవాళ్ళకి బాగున్నాయి, బాగులేనివాళ్ళకి లేవు. ఎవరూ ఏమీ అనలేదు.

మామ అద్దాలాయనకి కబురు పెట్టాడు. నిఘా డ్యూటీ ఇక రద్దు, ఎదుటి మేడ ఖాళీ కదా అని. అద్దాలాయన మాత్రం పొద్దున్నే తెర దగ్గర నిలబడడం మానలేదు. తెర మాత్రం మార్చాడు. ఆమె చూడలేకపోతున్నాను అంది కదా.

ఒక మధ్యాహ్నం తమ్ముడు షాపుకి వచ్చాడు. అరచేతికి కట్టు ఇంకా ఉంది. ఆమె కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాడు. చాలాసేపు బోర్డు వైపు చూశాడు. ఆఖరి వరుస దాకా చదివాడో లేదో చెప్పలేదు.

"రాజధానికి మనిషిని పంపాం. ఏమీ దొరకలేదు. దహనానికి కూడా ఏమీ ఇవ్వలేదు వాళ్ళు." కట్టు కొస సర్దుకున్నాడు. "మీకు చెప్పుకోవాల్సింది ఒకటుంది అన్నా. ఉద్యోగంలో పడ్డాక నేను ఇంటికి వెళ్ళేవాణ్ణి కాదు. సెక్యూరిటీ రీజన్స్ అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. అక్క పెద్దదయ్యాక ఎలా ఉండేదో నాకు తెలీదు. చిన్నప్పటి అక్కే తెలుసు. మిగతాది మీకే తెలుసు."

"పనికొచ్చేది ఏమీ తెలీదు నాకు," అన్నాడు అద్దాలాయన.

"పనికిరానివే చెప్పండి."

అద్దాలాయన తలుపుకి 'మూసివేయబడినది' బోర్డు తగిలించాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చెప్పుల దగ్గర మొదలుపెట్టాడు. ఒకటి విప్పి రెండోది మర్చిపోవడం. తమ్ముడు నవ్వాడు, ఆ నవ్వు మధ్యలో ఏడ్చాడు. కిటికీ రెక్కకి రంగు వేసుకుంటూ ముక్కుకి పూసుకున్న రోజు. కొత్త పాట నేర్చుకుంటూ ఒకే చరణం దగ్గర పదేపదే తప్పడం. క్లబ్బులో ఎవరూ ఎరగని తప్పు అది. వాన వస్తే దీపం వెలిగించకుండా కూర్చోవడం. ఇన్నాళ్ళూ ఆ మాటలు ఎవరికీ చెప్పుకోలేక లోపలే ఉండిపోయాయి. ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ వచ్చాయి. చెప్పీ చెప్పీ అతని గొంతు ఆరిపోయింది.

లేచి కూజాలోంచి రెండు గ్లాసుల్లో నీళ్ళు వంచాడు. ఒకటి తమ్ముడికి ఇచ్చాడు. రెండోది తన పెదాల దాకా తెచ్చుకుని, వాన రోజు సంగతి ఎంతవరకు వచ్చిందో ఆలోచిస్తూ, మెల్లగా రెండుసార్లు ఊది, అప్పుడు తాగాడు.

తమ్ముడి చేతిలో గ్లాసు గాల్లోనే ఆగింది. చెప్పబోయాడు. చెబితే మానేస్తాడని ఊరుకున్నాడు.

"తర్వాతేమైంది?" అన్నాడు.

ఇన్నేళ్ళు ఇంకొకరి మీద కన్నేసి ఉంచిన గూఢచారికి, ఆ మధ్యాహ్నం తన మీద ఎవరో కన్నేశారన్న సంగతి తెలియనే లేదు.